పాత ఫ్యాక్టరీ స్థలం బేరానికి వచ్చిందా? మట్టి బాగుచేసే డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత బ్యాటరీ షెడ్డు ఉందట, గుంటూరులో మూతపడ్డ మిల్లు వెనక స్థలం ఉందట, పక్కవాటి కన్నా గజానికి పదివేలు తక్కువకే వస్తోందట, మట్టిలో ఏదో ఉందంటున్నారు, దాన్ని బాగుచేయడానికి లోన్ వస్తుందా అండీ అని నెలకి ఇద్దరైనా నా దగ్గరికి వస్తారు. నేను చేసేది బ్యాంకు లోన్లకి ప్రాజెక్టు రిపోర్టులు రాసే పని, బెంజి సర్కిల్ దగ్గర్లో రెండు గదుల ఆఫీసు. అందరికీ ముందు చెప్పేది ఒకటే: రాదు. మట్టి బాగుచేస్తానంటే మామూలు బ్యాంకు రూపాయి ఇవ్వదు.

అలాగని పని ఆగిపోనక్కర్లేదు. ఇందులో మూడు రకాల డబ్బు ఉంది, మూడూ మూడు చోట్ల నుంచి రావాలి. పరీక్షల డబ్బు మీ జేబులోంచి. బాగుచేసే డబ్బు భూమి ధరలోంచి, అంటే అమ్మేవాడి వాటాలోంచి, లేదంటే పాడుచేసినవాడి దగ్గర్నుంచి. కట్టుబడి డబ్బు బ్యాంకు నుంచి. ఈ వరుస వదిలేసి ముందే బ్యాంకుకి పరిగెత్తినవాళ్లే ఇరుక్కుంటారు, నేను చూసినంతలో.

ముందు మట్టిలో ఏముందో తేల్చుకోండి

షెడ్డులో ఏం పని జరిగిందో తెలిస్తే మట్టిలో ఏం వెతకాలో సగం తెలిసినట్టే. బ్యాటరీల పని అయితే సీసం, ఆసిడ్. పాత బ్యాటరీల మీద విడిగా రూల్స్ వచ్చిందే 2001లో, అంతకు ముందు పెరట్లో పగలగొట్టి ఆసిడ్ కాలవలోకి వదిలేసినవాళ్లని అడిగినవాడు లేడు. లారీ సర్వీసింగ్, బాడీ బిల్డింగ్ అయితే కాలిన ఆయిల్, డీజిలు, థిన్నరు, పెయింటు. ప్లేటింగ్ అయితే క్రోమియం, నికెల్. పెట్రోల్ బంకు ఎత్తేసిన చోట భూమిలో ట్యాంకు పెట్టిన గొయ్యి చూడాలి. గుంటూరు వైపు పాత మిల్లుల్లో అయితే ఫర్నేస్ ఆయిల్ ట్యాంకు, బాయిలర్ బూడిద పోసిన మూల, పైన సిమెంటు రేకులు. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, సుత్తితో పగలగొట్టకుండా తడిపి దింపించాలి. ఇక మూలన తుప్పు పట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని ఆయిల్‌లో పీసీబీ అనే రసాయనం ఉండొచ్చు, దాని వాడకం 2025 డిసెంబరు 31 కల్లా ఆగిపోవాలని కేంద్రం 2016లోనే ఉత్తర్వు ఇచ్చింది, కాబట్టి స్క్రాప్ వాడు మంచి రేటు ఇస్తున్నాడని ఆయిల్‌తో సహా తోసేయకండి.

కాగితాల్లో చూడాల్సినవి కూడా ఉన్నాయి. స్థలం ఎవరెవరి చేతులు మారిందో చూపే ఈసీ 30 ఏళ్లకి తీయించండి, లింకు డాక్యుమెంట్లలో ఏ ఏడాది ఏ కంపెనీ పేరు ఉందో రాసుకోండి, పరిశ్రమలకి స్థలాలిచ్చే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ ఇచ్చిన స్థలమైతే అలాట్‌మెంటు లెటర్‌లో ఏ పనికి ఇచ్చారో ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి అప్పట్లో ఇచ్చిన అనుమతుల కాపీల కోసం ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టండి, మండలి కేంద్ర కార్యాలయం విజయవాడలోనే ఉంది, ఇంతకన్నా దగ్గరి ఊరు ఎవరికీ లేదు. ఆ అనుమతిలో ఏ వ్యర్థం ఎంత వస్తుందో, ఎక్కడికి పంపాలో రాసి ఉంటుంది. పంపిన రసీదులు అమ్మేవాడి దగ్గర లేకపోతే ఆ వ్యర్థం ఎక్కడికీ పోలేదనే అనుకోండి, అక్కడే ఎక్కడో మట్టి కింద ఉంటుంది.

పరీక్ష దగ్గర మా ఇంట్లోనే దెబ్బ తిన్నాం కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. మా బాబాయి ఆటోనగర్ అవతల వెయ్యి గజాల షెడ్డు ఒకటి బేరం చేశాడు. టెస్టు చేయించమన్నాను, చేయించాడు. వచ్చిన కుర్రాడు ఐదు చోట్ల జానెడు లోతున మట్టి తీసి, ఐదూ ఒకే కవర్లో పోసి కలిపేసి తీసుకెళ్లాడు. నాలుగు మంచి మట్టులతో ఒక చెడ్డ మట్టిని కలిపితే ఏమవుతుంది, చెడ్డది పలచబడిపోతుంది, రిపోర్టులో సీసం పెద్దగా లేదని వచ్చింది. "ఒరే, రిపోర్టు బాగానే వచ్చింది కదరా, ఇంకా ఏంటి నీ గోల" అని బాబాయి బయానా ఇచ్చేశాడు. నెల తర్వాత సంప్ కోసం జేసీబీ పెట్టి తవ్విస్తుంటే బకెట్‌లో బూడిదరంగు మట్టి పైకి వచ్చింది, అందులో బ్యాటరీ ప్లేట్ల ముక్కలు, నల్లటి పెట్టె పెంకులు, దగ్గరికి వెళితే ముక్కు మండే పులుపు వాసన. డ్రైవరే ఆపేసి దిగిపోయాడు.

అప్పుడు వెతికి పట్టుకున్నాం, ఆ షెడ్డులో పాతికేళ్లు పనిచేసిన ముసలి మేస్త్రీని. ఆయన వచ్చి ఒక పుల్ల తీసుకుని నేల మీద గీతలు గీశాడు, ఇది ఆఫీసు, ఇది కొలిమి, ఇది కాలవ. "ఇక్కడ కాదు బాబూ, ఆసిడ్ తొట్టి అదుగో ఆ గోడ మొదట్లో ఉండేది, ఆ పక్కన గడ్డి కూడా మొలిచేది కాదు" అన్నాడు. అర్ధగంట. టీ తాగించి, ఆటో డబ్బులు ఇచ్చాం. రెండోసారి పరీక్ష మొత్తం ఆయన గీసిన గీతల మీదే నడిచింది, పాడైన భాగం 300 గజాలకి మించి లేదని తేలింది. నన్నడిగితే ల్యాబ్‌కి ఫోన్ చేసే ముందే ఇలాంటి మనిషి కోసం చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర వాకబు చేయాలి.

ల్యాబ్‌కి మాత్రం ఎన్‌ఏబీఎల్ గుర్తింపు, అంటే ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు ఇచ్చేది, ఉండాలి, అదీ మట్టిలో లోహాల పరీక్షకి ఉండాలి, తాగునీటి పరీక్షకి ఉంటే చాలదు. ఒక్కో చోటు మట్టి ఒక్కో కవర్లో విడిగా వెళ్లాలి, పైమట్టి వేరు, ఒక మీటరు లోతుది వేరు, రెండు మీటర్లది వేరు. మన నల్లరేగడి ఎండాకాలం బీటలు తీస్తుంది, పైన పోసిన ఆయిల్ ఆ బీటల్లోంచి కిందికి దిగిపోతుంది, పైన చూస్తే నేల శుభ్రంగానే ఉంటుంది. బోరు నీళ్లు కూడా తీయించండి, తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాముల సీసం, అంతకు మించితే వ్యవహారం మీ గోడ దాటి పక్కవాళ్ల బోర్లదాకా వెళ్లిందేమోనని చూసుకోవాలి. ఇంకోమాట, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీళ్లు నిలిచిన ప్రాంతంలో స్థలమైతే అంతకు ముందు తీయించిన రిపోర్టుని నమ్మొద్దు, వరద ఒకచోటి బురద తెచ్చి ఇంకోచోట పోసి పోతుంది.

టన్నుల లెక్క

ఖర్చు గజాల్లో ఆలోచిస్తే బోధపడదు, టన్నుల్లో ఆలోచించాలి, ఎందుకంటే లారీ వాడూ వ్యర్థాల కేంద్రం వాడూ టన్ను చొప్పునే అడుగుతారు. బాబాయి స్థలం కొలతలే తీసుకుందాం, రేట్లు మాత్రం లెక్క సులువుగా ఉండేట్టు నేను అనుకున్నవి, మీరు కొటేషన్లు తెచ్చుకుని మీ అంకెలు వేసుకోండి.

వెయ్యి గజాలంటే 836 చదరపు మీటర్లు. మీటరు లోతు మొత్తం తీసేస్తే 836 ఘనపు మీటర్లు, మట్టి బరువు ఘనపు మీటరుకి 1.8 టన్నులు వేసుకుంటే సుమారు 1,500 టన్నులు. ఇరవై టన్నుల టిప్పర్లు 75. అదే మేస్త్రీ చూపించిన 300 గజాలే తీస్తే 450 టన్నులు, 23 టిప్పర్లు. తవ్వకం, రవాణా, పారవేత అన్నీ కలిపి టన్నుకి పదివేలు అనుకుంటే మొదటిది కోటిన్నర, రెండోది 45 లక్షలు. పరీక్షలకీ కన్సల్టెంటుకీ ఆరు లక్షలు ఖర్చయినా సరే, దాదాపు కోటి మిగిలింది. పరీక్షల డబ్బు మీ జేబులోంచే పెట్టండి, అమ్మేవాడితో పెట్టించొద్దు అనడం ఇందుకే. అతను పెట్టిస్తే ఐదు చోట్ల మట్టి ఒకే కవర్లోకి వెళుతుంది.

రవాణా ఎందుకంత అంటే ప్రమాదకర వ్యర్థమని తేలిన మట్టిని ఊరి బయట ఏ గుంటలోనో పోయడానికి లేదు, దానికి అనుమతి ఉన్న కేంద్రానికే వెళ్లాలి, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నది మనకి దాదాపు 350 కిలోమీటర్లు. అన్నింటికీ పరవాడ అక్కర్లేదు కూడా. ఆయిల్ కలిసిన మట్టిని అక్కడికక్కడే సూక్ష్మజీవులతో శుభ్రం చేయొచ్చు, నెలలు పడుతుంది, లారీ ఖర్చు ఉండదు. సీసం మాత్రం ఎన్నాళ్లున్నా విరిగిపోదు, సిమెంటుతో కలిపి కదలకుండా గట్టిపరిచి పైన కాంక్రీటు వేయడమో, తీసి పంపించేయడమో చేయాలి. ఏది చేయాలన్నది పైన ఏం కడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. పిల్లలు ఆడుకునే అపార్ట్‌మెంటుకి కావాల్సిన శుభ్రం వేరు, లారీ పార్కింగ్‌కో స్పేర్ పార్టుల గోడౌన్‌కో కావాల్సింది వేరు. చాలామంది ఫ్లాట్లే కట్టాలని పట్టుబట్టి ఖర్చు రెండింతలు చేసుకుంటారు. గట్టి కాంక్రీటు పరిచి గోడౌన్ వేసి పదేళ్లకి లీజుకిస్తే ఆ అద్దె చూపించి బ్యాంకు లోన్ తెచ్చుకోవచ్చు. అయితే మిర్చి, అపరాలు, తినే సరుకు నిల్వ చేసే గోడౌన్ మాత్రం వద్దు, గుంటూరువాళ్లకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక్కడే ఇంకో సంగతి. మన ఊళ్లలో స్థలం మెరక తోలకుండా ఎవరూ కట్టరు, మట్టికి ఎప్పుడూ గిరాకీయే. మీ స్థలంలోంచి తీసిన మట్టిని "నేను ఉచితంగా ఎత్తుకుపోతానండీ" అని ఒక టిప్పర్ వాడు తప్పకుండా వస్తాడు. ఇచ్చారో, ఆ సీసం ఇంకో కాలనీలో ఎవరి ఇంటి కిందికో వెళుతుంది, వే బిల్లు మీద పేరు మీదే ఉంటుంది. అటు వైపు కూడా ఆలోచించండి, మీరు కొంటున్న స్థలానికి ఈ మధ్యే కొత్తగా గ్రావెల్ తోలి చదును చేసి ఉంటే ముచ్చటపడొద్దు, కింద ఏం కప్పారో చూడండి.

పాడుచేసినవాడు కట్టాలి కదా?

కట్టాలి. సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్చిరీ కేసులో చెప్పింది అదే, కాలుష్యం చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని. ఆ డబ్బు కోసం 2011లో మళ్లీ ఆర్డరు ఇవ్వాల్సి వచ్చింది, 37 కోట్ల పైచిలుకు, చక్రవడ్డీతో. తీర్పుకీ డబ్బుకీ మధ్య పదిహేనేళ్లు. ఇది నిరాశపరచడానికి చెప్పడం లేదు, ఆ డబ్బు మీద ఆధారపడి మీ బడ్జెట్ వేసుకోవద్దని చెబుతున్నాను.

ఇప్పుడు 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల కోసం విడిగా రూల్స్ తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి, రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆ తర్వాత మూడు నెలల్లో వివరమైన సర్వే చేయాలి, ప్రమాదకర రసాయనాలు హద్దు దాటితే ఆ స్థలం పేరు బయటపెట్టి రాకపోకలు ఆపాలి, బాధ్యులెవరో 90 రోజుల్లో తేల్చాలి. బాధ్యుడు దొరకకపోయినా, దొరికి కట్టలేకపోయినా కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు బాగుచేయించాలి. అప్పటికి దేశంలో గుర్తించినవి 103 స్థలాలు, పని మొదలైంది ఏడింటిలో. కాబట్టి ప్రభుత్వం వచ్చి మీ వెయ్యి గజాలు శుభ్రం చేస్తుందని కూర్చోకండి. మునిసిపల్ చెత్త డంపులు ఈ రూల్స్ కిందికి రావు, వాటి సంగతి చివర్లో.

అమ్మి వెళ్లిపోయిన పాత యజమాని ఎక్కడున్నాడో వెతకడం కన్నా గేటు దగ్గర కనిపిస్తున్న కొత్త యజమానికి నోటీసు అంటించడం ఏ ఆఫీసుకైనా సులువు, అందుకే రిజిస్ట్రేషన్‌కి ముందే పరీక్ష రిపోర్టు తేదీతో సహా మీ చేతిలో ఉండాలి, మీరు రాకముందే ఇది ఉందని చూపించడానికి అంతకన్నా గట్టి కాగితం లేదు. ఇప్పటికే మీది అయిపోయిన స్థలంలోకి పక్క ఫ్యాక్టరీ వ్యర్థం వస్తుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, మనకి చెన్నై బెంచ్, నష్టపరిహారం అడగడానికి కారణం మొదలైన రోజు నుంచి ఐదేళ్లే గడువు.

దివాలా తీసిన కంపెనీ స్థలం వేలంలో కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. దివాలా చట్టం కింద కంపెనీని లిక్విడేట్ చేసి అమ్మితే వచ్చిన డబ్బులోంచి ఆ ప్రక్రియ ఖర్చులు పోగా తాకట్టు ఉన్న బ్యాంకులూ కార్మికుల బకాయిలూ ముందు వరుసలో ఉంటాయి, ప్రభుత్వానికి రావాల్సినవి ఎక్కడో వెనక. మట్టి బాగుచేయడానికి అక్కడ ఎవరూ ఏమీ పక్కన పెట్టరు. ఎలా ఉన్నది అలా అని వేలం నోటీసులో ఉంటుంది చూడండి, ఆ మాటకి అర్థం మట్టితో సహా అని.

అసలు డబ్బు ధరలోనే ఉంది

మళ్లీ అదే వెయ్యి గజాలు. శుభ్రంగా ఉంటే గజం 60 వేలు అనుకోండి, 6 కోట్లు. అందులోంచి బాగుచేసే 45 లక్షలు తీసేయండి. తవ్వాక కచ్చితంగా ఎక్కువే బయటపడుతుంది, దానికి 30 శాతం చొప్పున 13.5 లక్షలు తీసేయండి. పరీక్షలు, ఫీజులు 6 లక్షలు. ఇవన్నీ అందరూ రాసుకుంటారు, వదిలేసేది వడ్డీ. మూడు కోట్లు 12 శాతానికి తెచ్చి కొన్నారు, అనుమతులూ పనీ కలిపి ఏడాదిన్నర పట్టింది, వడ్డీ 54 లక్షలు. మట్టి ఖర్చు కన్నా ఎక్కువ! అన్నీ తీసేస్తే 4 కోట్ల 81 లక్షలు, ఇంకా మీ టెన్షన్‌కి విలువ కట్టలేదు. అంటే గజానికి పదివేలు తగ్గించి 50 వేలకి ఇస్తున్నానని అమ్మేవాడు చెబితే అది చవక కాదు, మీకే నష్టం.

వడ్డీ ఇంత తింటుంది కాబట్టి మొత్తం డబ్బిచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుని అప్పుడు మట్టి పని మొదలుపెట్టడం తెలివితక్కువ పని. అగ్రిమెంటు మీదే నడపండి. బయానా కొంచెం, మిగతాది విడతలుగా, చివరి విడత బాగుచేశాక తీసిన పరీక్షలో ఫలానా హద్దు లోపల వచ్చిన తర్వాతే. ఆ చివరి విడత బాగుచేసే ఖర్చు కన్నా తక్కువ ఉండకూడదు, ఇద్దరి పేరున ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా ఎవరూ ఒక్కరే తీయలేని ఖాతాలో, పడుండాలి, అమ్మేవాడికీ భరోసా. టన్నులు పెరిగితే ఎవరు భరించాలో టన్నుల్లోనే రాయండి, 450 దాటితే ఆపైన ప్రతి టన్నూ సగం సగం అని, ఇలా. "కాలుష్యం ఏదైనా ఉంటే విక్రేతదే బాధ్యత" అని ఒక్క లైను రాసి వదిలేసే డాక్యుమెంటు రైటర్లు ఉన్నారు, ఆ లైను కోర్టుకి వెళ్లడానికి పనికొస్తుంది, టిప్పర్‌కి డీజిలు కొట్టించడానికి పనికిరాదు.

ఇంతకన్నా మంచి దారి మన ఊళ్లో అందరికీ తెలిసిందే, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, స్థలం ఓనర్‌ది, కట్టేది బిల్డరు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. స్థలం నివాస జోన్‌లో ఉండి, లేదా జోన్ మార్పు వచ్చి, ఇరవై ఫ్లాట్లు వస్తాయనుకోండి, మామూలుగా ఫిఫ్టీ ఫిఫ్టీ, పదీ పదీ. మట్టి ఖర్చు, అదనపు ఖర్చు, పరీక్షలు కలిపి 65 లక్షల దాకా బిల్డరే పెట్టుకున్నాడు, అక్కడ ఫ్లాటు ధర కూడా 65 లక్షలు అనుకుంటే ఓనర్‌కి తొమ్మిది, బిల్డర్‌కి పదకొండు. భూమి కొనడానికి ఎవరూ అప్పు చేయలేదు, కాబట్టి ఆ 54 లక్షల వడ్డీ అసలు పుట్టనే లేదు. ఓనర్ చేతి నుంచి రూపాయి కదల్లేదు. వారసత్వంగా వచ్చిన షెడ్డు, అన్నదమ్ములెవరి దగ్గరా డబ్బు లేదు అన్న కేసుల్లో నేను ఎప్పుడూ ఇదే చెబుతాను. జోన్ మార్పు వస్తుందో రాదో తెలియకుండా మాత్రం సంతకం పెట్టొద్దు, పారిశ్రామిక స్థలాల వినియోగం మార్చడం అనేది మన దగ్గర ప్రభుత్వం మారినప్పుడల్లా తిరిగి మొదటికి వచ్చే సంగతి.

కొనేవాళ్ల అడ్వాన్సులతో మట్టి పని చేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది దాటిన ఫ్లాట్లైనా రియల్ ఎస్టేట్ చట్టం రెరా కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క అడ్వాన్సు తీసుకోకూడదు, తీసుకున్నాక 70 శాతం విడి ఖాతాలో పెట్టాలి, ఆ డబ్బు స్థలం ఖరీదుకీ కట్టుబడికే.

బ్యాంకు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

బిల్డర్లకి స్థలం కొనడానికే బ్యాంకులు సాధారణంగా అప్పివ్వవు, అది ఆర్‌బీఐ పెట్టిన కట్టుబాటు. ఇక పాడైన మట్టి తాకట్టు పెట్టుకుని ఏ మేనేజరు సంతకం చేస్తాడు? మట్టి శుభ్రమైన తర్వాత వెళితే అదే మేనేజరు కుర్చీ వేస్తాడు. ఒక సందు మాత్రం ఉంది. సొంత ఫ్యాక్టరీ, గోడౌన్, వర్క్‌షాపు పెట్టుకునేవాళ్ల ప్రాజెక్టు రిపోర్టులో సైట్ డెవలప్‌మెంట్ అనే పద్దు ఉంటుంది, చదును, ప్రహరీ, మెరక, కాంక్రీటు అందులోకి వస్తాయి. తక్కువ మోతాదు పాడైన స్థలంలో పైన కాంక్రీటు పరవడమే పరిష్కారమైతే ఆ ఖర్చు ఈ పద్దులో చూపించొచ్చు, బ్యాంకైనా, రాష్ట్ర ఫైనాన్స్ కార్పొరేషన్ ఏపీఎస్‌ఎఫ్‌సీ అయినా. దాచిపెట్టి చూపించొద్దు, రిపోర్టు జత చేసి ఇది ఎందుకు వేస్తున్నామో రాయండి. ఒకసారి నా క్లయింటు ఒకాయన దాచారు, వాల్యుయర్ వచ్చిన రోజు పక్క షెడ్డు వాచ్‌మన్ మొత్తం కథ చెప్పేశాడు, లోను ఆ రోజే పోయింది.

సీఎస్‌ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు, తెస్తామనేవాళ్లు కూడా తగులుతుంటారు. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలన్నది నిజమే, పర్యావరణం ఆ జాబితాలో ఉన్నదీ నిజమే. కానీ చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని సీఎస్‌ఆర్‌గా చూపడం కుదరదు, కాబట్టి తన చెత్త తనే ఎత్తడానికి ఏ కంపెనీ కూడా ఆ డబ్బు వాడడానికి లేదు. మీ సొంత స్థలానికీ రాదు. చెరువుకో, కాలనీ పార్కు కోసం ఉంచిన స్థలానికో అడగండి, అర్థం ఉంటుంది.

స్థలం కార్పొరేషన్‌దైతే

ఇది కాలనీ సంఘాలవాళ్ల కోసం, కార్పొరేటర్ల కోసం. డంపింగ్ యార్డుల్లోని పాత చెత్త గుట్టలకి స్వచ్ఛ భారత్ 2.0లో డబ్బు పెట్టారు, 2021 అక్టోబరులో మొదలైన పథకం, కేంద్రం వాటా పది లక్షల జనాభా దాటిన నగరాలకి 25 శాతం, లక్ష నుంచి పది లక్షల దాకా 33 శాతం. విజయవాడ మొదటిదాంట్లోకి వస్తుంది, గుంటూరు రెండోదాంట్లోకి. ఫ్యాక్టరీ మట్టికి అలాంటి నేరు పథకం లేదు. అమెరికాలో అయితే 1980లో సూపర్‌ఫండ్ చట్టం తెచ్చారు, ఇలాంటి పాత స్థలాలకి 2002లో ఇంకో చట్టం చేశారు, ఊరి పాలక సంస్థలకి పరీక్షలకే గ్రాంటు ఇస్తారు. నాకు అసూయ పుట్టేది ఆ పరీక్షల గ్రాంటు చూసే, ఎందుకంటే మన దగ్గర పని ఆగేది అక్కడే. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ ఒకసారి ప్రపంచ బ్యాంకు అప్పుతో హైదరాబాద్ కాటేదాన్ దగ్గరి నూర్ మహమ్మద్ కుంటనీ కడప డంపునీ ఎంపిక చేశారు, 2010 తర్వాతి మాట.

ఇప్పుడు అడగదగ్గది అర్బన్ ఛాలెంజ్ ఫండ్. 2025–26 బడ్జెట్‌లో లక్ష కోట్లని ప్రకటించారు, నగరంలో పాత ప్రాంతాల పునరాభివృద్ధి కూడా అందులో ఉంది, కేంద్రం ఇచ్చేది ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, కనీసం సగం బాండ్లతోనో, బ్యాంకు అప్పుతోనో, ప్రైవేటు భాగస్వామ్యంతోనో తేవాలి. బాండ్లు మనకి కొత్త కాదు, 2018లో విశాఖ కార్పొరేషన్ 80 కోట్లు, రాజధాని అమరావతి పనులు చూసే సీఆర్‌డీఏ 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్లు తెచ్చాయి. కానీ బాండు కొన్నవాడికి వడ్డీ మొదటి ఏడాది నుంచే కట్టాలి, పాడైన స్థలం మీద ఆదాయం నాలుగేళ్లకి గానీ రాదు, కాబట్టి ఆస్తిపన్ను లాంటి వేరే ఆదాయం హామీగా ఉంటేనే ఇది నడుస్తుంది. ఆలస్యం ఎంత ఖరీదో భోపాల్ చూపించింది, 1984 నుంచి పడున్న 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో పీథంపూర్‌కి తరలించి కాల్చడానికి కేటాయించింది 126 కోట్లు. మన సీసం మట్టికీ ఆ విషానికీ పోలిక లేదనుకోండి, అయినా మీ కార్పొరేటర్‌కి చెప్పడానికి ఆ అంకె బాగా పనికొస్తుంది.

ఇక ఫైలు. పని మొదలుపెట్టే ముందు తీయించిన పరీక్ష రిపోర్టు, మేస్త్రీ గీతలు చూసి వేసిన ప్లాను, తవ్వినప్పటి ఫొటోలు తేదీతో, ప్రతి టిప్పర్‌కీ వే బ్రిడ్జి చీటీ, వ్యర్థాల కేంద్రం ఇచ్చిన రసీదు, గొయ్యి అడుగున మిగిలిన మట్టికి మళ్లీ చేసిన పరీక్ష, నింపిన కొత్త మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బిల్లు. మొత్తం రెండు సెట్లు, ఒకటి బ్యాంకుకి, ఒకటి ఇంట్లో. రేపు స్థలం అమ్మినప్పుడు ఈ ఖర్చుని స్థలం మెరుగుదల ఖర్చుగా చూపించి లాభం పన్ను తగ్గించుకోవచ్చేమో మీ ఆడిటర్‌ని అడగండి, అడగాలంటే బిల్లులు ఉండాలి. మా బాబాయి 23 చీటీల్లో 21 మాత్రమే దొరికాయి. మిగతా రెండూ టిప్పర్ డ్రైవరు సన్‌షేడ్ మీద పెట్టి మర్చిపోయాడట, వాటి కోసం అతని ఇంటిదాకా వెళ్లి వచ్చాం.